గేటు దగ్గర ఆపిన ఇంజిన్

ఆ డ్రైవరును అందరూ గడియారం అనే పిలిచేవారు. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఒక్కనాడు కూడా ఎవరినీ ఎక్కడికీ ఆలస్యంగా చేర్చలేదని ఆ పేరు. పిలిచేవాళ్ళు వెక్కిరింతకే పిలిచినా ఆయన మాత్రం దాన్ని బిరుదులాగే మోశాడు. కొండల్లో రోడ్ల కోసం కొలతలు తీసే సర్వే కంపెనీలో పని. ఇరవై ఏళ్ళు నడిపిన పాత జీపు చివరికి ఒక వాగు మధ్యలో చేతులెత్తేస్తే, యజమాని దాన్ని తుక్కు కింద వదిలించుకుని నాలుగు తలుపుల కొత్త బండి కొన్నాడు. రాళ్ళూ రప్పలూ లెక్కచేయని రకం.

బండి అప్పగించిన రోజు షోరూం సేల్స్‌మన్ దాని గొప్పలన్నీ ఊపిరి తిప్పుకోకుండా ఏకరువు పెట్టాడు. రెండు లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్, నూట డెబ్భై గుర్రాల బలం, నాలుగు వందల న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల ఆటోమేటిక్. బురదలో ఒక చక్రం తిరుగుతూ ఇంకోటి ఊరుకుంటే రెండింటినీ కలిపి కట్టేసే లాక్. మోకాలు దాటిన నీళ్ళలో కూడా ఆగని నడక. నిట్టనిలువు దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టకపోయినా తనంతట తనే మెల్లగా దిగే ఏర్పాటు. చుట్టూ నాలుగు కెమెరాలు. వారం తిరిగేసరికి గడియారానికి ఇదంతా కంఠతా వచ్చేసింది. అడిగినవాళ్ళకీ చెప్పాడు, అడగనివాళ్ళకీ చెప్పాడు.

"ఈ బండి గురించి చెప్పినదాంట్లో సగం మన పెళ్ళి గురించి ఎవరికైనా చెప్పావా?" అంది భార్య ఒకరోజు. ఆయన నవ్వి, మన పెళ్ళికి టార్క్ ఎక్కడిదే అన్నాడు.

కంఠతా రానిది ఒక్కటే ఉంది. డీజిల్ పోసే మూత పక్కన ఇంకో చిన్న మూత ఉంటుంది, నీలం రంగుది. పొగలోని విషాన్ని విరవడానికి యూరియా కలిపిన ద్రవం ఒకటి అందులో పోయాలి. సేల్స్‌మన్ ఆ సంగతీ చెప్పాడు. అయితే అప్పుడు గడియారం బానెట్ కింద తల దూర్చి ఇంజిన్‌ను చూసుకుంటున్నాడు, ఆ మాట చెవిన పడలేదు. నాలుగు నెలలకు ఆ ట్యాంకు అడుగంటి దీపం వెలిగితే, బ్యాటరీలకూ రేడియేటర్లకూ జీవితమంతా పోసినట్టే, ఓ క్యాను డిస్టిల్డ్ వాటర్ తెచ్చి దాన్నిండా పోశాడు. శుభ్రమైన నీళ్ళే పోశాను కదా అని తృప్తిపడ్డాడు కూడా.

ఆ మర్నాటి నుంచి స్టీరింగ్ ముందున్న చిన్న తెరమీద ఇంగ్లీషులో రెండు వరుసలు, ఒక అంకె కనబడసాగాయి. అంకె రోజురోజుకీ తగ్గుతోంది. సర్వీసుకి ఇంకా ఇన్ని కిలోమీటర్లుందని కాబోలు అనుకున్నాడు.

ఆదివారం బండి కడుగుతుంటే కూతురు అది చదివింది. "నాన్నా, అందులో పోసిన ద్రవం సరైంది కాదంటోంది. ఈ అంకె సున్నా అయ్యాక ఇంజిన్ ఆపితే మళ్ళీ స్టార్టవదట."

"బండ్లన్నీ అలాగే బెదిరిస్తాయమ్మా. పాత జీపులో ఎర్ర దీపం ఒకటి పదేళ్ళు వెలిగింది. ఏమైంది? ఏమీ కాలేదు." అని, ఆ వరుసల మీద నల్ల టేపు ముక్క అంటించేశాడు. పాత డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యమే అది. ఇంజిన్ల విషయంలో నాన్న మాటే ఆఖరి మాట అని ఆ ఇంట్లో చిన్నప్పటినుంచీ ఉన్న లెక్క.

గురువారం ఆమె నీటి సరఫరా సంస్థ శిక్షణ కేంద్రంలో హాజరు కావాలి. పంపింగ్ స్టేషన్ ఆపరేటర్ ఉద్యోగం. మూడు సార్లు పరీక్ష రాస్తే మూడోసారికి వచ్చింది, అదీ ముప్పై సీట్లలో ఇరవై తొమ్మిదోది. వయసు పరిమితికి ఇదే ఆఖరి ఏడాది. ఉదయం పదకొండు లోపల అసలు పత్రాలతో రాకపోతే సీటు తరవాతివాళ్ళకి ఇచ్చేస్తామని ఉత్తరంలో రెండు చోట్ల రాశారు, రెండో చోట కింద గీత కూడా గీశారు.

ఆరున్నర బస్సు ఎక్కితే పదింటికి దిగేది. ఆమె అదే అనుకుంది. గడియారం ఒప్పుకుంటేనా? యజమానిని అడిగి ఒక పూటకి బండి తెచ్చుకున్నాడు. "నా కూతురు ఉద్యోగంలో చేరడానికి బస్సులో నిలబడి వెళ్తుందా? క్వారీ రోడ్డు మీదుగా కొడితే తొమ్మిదిన్నరకే రైలు గేటు దాటేస్తాం, పదీ పావుకి నిన్ను వాకిట్లో దింపుతాను" అన్నాడు.

క్వారీ రోడ్డు రోడ్డనిపించుకునేది కాదు. ఆయనకి కావలసిందీ అదే. గుంటలున్న ప్రతిచోటా కూతురి మొహంకేసి చూస్తూ, "చూశావా, కుదుపు తెలిసిందా?" అన్నాడు. ఏటవాలు ఎక్కేటప్పుడు చిన్న గేరు పిడి లాగి, ఇంజిన్ గొంతు మారడం వినమన్నాడు. ఆమె ఒళ్ళో ఫైలు గట్టిగా పట్టుకుని నవ్వింది. "బాగుంది నాన్నా. నిజంగా బాగుంది." ఆ మాటతో ఆయన కడుపు నిండిపోయింది.

తొమ్మిదీ ముప్పై అయిదుకి రైల్వే గేటు దగ్గరికి వచ్చారు. గేటు వేసి ఉంది. ముందర ఒక లారీ, పక్కన రెండు మోటారుసైకిళ్ళు. అలవాటు ప్రకారం ఆయన చెయ్యి బటన్ మీదికి వెళ్ళి ఇంజిన్ ఆపేసింది. గేటు దగ్గర ఇంజిన్ తిప్పుతూ కూర్చునేవాడు డ్రైవరే కాదని తన గురువు నేర్పిన పాఠం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ చెయ్యి ఎవరి అనుమతీ అడగకుండా ఆ పని చేస్తూనే ఉంది.

ఏడు నిమిషాలకు రైలు వెళ్ళింది. గేటు లేచింది. ఆయన బటన్ నొక్కాడు. తెరలన్నీ వెలిగాయి, చక్కని సంగీతం లాంటి చప్పుడు ఒకటి వచ్చింది, ఇంజిన్ మాత్రం ఉలకలేదు. మళ్ళీ నొక్కాడు. బ్రేకు ఇంకా గట్టిగా తొక్కి నొక్కాడు. కెమెరా తెరలో చుట్టూ ఉన్న వాహనాలు నాలుగు వైపుల నుంచీ స్పష్టంగా కనబడుతున్నాయి. హారన్లు మొదలయ్యాయి.

దిగి బానెట్ ఎత్తాడు. వెనకవాళ్ళు తప్పించుకుని ఒక్కొక్కరే వెళ్తున్నారు. ఒక తెల్ల కారు ఆగింది. నడుపుతున్న పెద్దావిడ అద్దం దించి, "ఎక్కడిదాకా? నేను టౌనుకే వెళ్తున్నా, అమ్మాయిని దింపమంటారా?" అంది.

"అక్కర్లేదమ్మా, రెండు నిమిషాలు. ఇప్పుడే స్టార్టవుతుంది" అన్నాడు గడియారం.

కూతురు ఆయనకేసి చూసింది. ఆ చూపులో అనుమానం లేదు, అదే ఆయన్ని తరవాత చంపుకుతిన్నది. పెద్దావిడ సరేనని వెళ్ళిపోయింది. లారీ డ్రైవరొకడు "ఏం గురూ, తాడు కట్టనా?" అంటే అతన్నీ పంపించేశాడు. ఇంకెవరో మోటారుసైకిలు ఆపితే చేత్తోనే పొమ్మన్నాడు. బండి ఆగిపోయిన డ్రైవరుగా నలుగురి కళ్ళలో పడటం ఆయన వల్ల కాలేదు. పది నిమిషాల్లో రోడ్డు ఖాళీ అయిపోయింది. అది క్వారీకి సెలవు రోజు, వచ్చే వాహనాలు అంతే.

ఫ్యూజులు చూశాడు, బ్యాటరీ తీగలు బిగించాడు, డీజిల్ పైపు తడిమాడు. ఎక్కడా లోపం లేదు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. గేటు కాపలాదారు బయటికొచ్చి తోద్దామా అన్నాడు. ఆటోమేటిక్ బండి తోస్తే స్టార్టవదని తెలిసీ, కాదనలేక, ఆయనా కాపలాదారూ కూతురూ కలిసి రెండు టన్నుల బండిని పది గజాలు తోశారు. ఎందుకు తోశారో ముగ్గురికీ తెలియలేదు.

అప్పుడు కూతురు లోపలికి వంగి నల్ల టేపు ఊడదీసింది. కింద సున్నా ఉంది.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే చాలాసేపు పాట వినిపించి, తరవాత ఒక అమ్మాయి పలికింది. నంబర్లన్నీ అడిగి చూసి, "సార్, మీ ఇంజిన్‌లో ఏ లోపమూ లేదు" అంది ఆనందంగా.

"మరెందుకు స్టార్టవదమ్మా?"

"సిస్టం దాన్ని స్టార్టవనివ్వట్లేదు సార్. ట్యాంకులో వేరే ద్రవం పోశారు. మా టెక్నీషియన్ లాప్‌టాప్‌తో వచ్చి, ట్యాంకు కడిగి, నింపి, రీసెట్ చెయ్యాలి. రెండు గంటల్లో వస్తారు."

"ఒక్కసారికి వదిలెయ్యమని చెప్పమ్మా. ఒక్కసారి. పిల్ల ఉద్యోగం." ఎవరికి చెప్పమంటున్నాడో ఆయనకే తెలియదు. ఆ అమ్మాయి క్షమించమంది. ఆమె గొంతులో నిజంగానే జాలి ఉంది, దానివల్ల ఉపయోగమేమీ లేకపోయింది.

పదీ పది అయింది. నాలుగు వందల న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న బండి గేటు దగ్గర మాత్రమే వేసిన చదునైన తారురోడ్డు మీద బండరాయిలా కూర్చుంది. పాత జీపయితే తిట్టినా, తన్నినా, తీగ కలిపినా, ఏదో ఒక రకంగా దారికొచ్చేది. దీన్ని బతిమాలడానికి చోటే లేదు. గడియారం రోడ్డు మధ్యలో నిలబడి రెండు వైపులా చూశాడు. ఎవరైనా వస్తే కాళ్ళ మీద పడదామనుకున్నాడు. ఎవరూ రాలేదు.

పదీ ఇరవై అయిదుకి ఇటుకల ట్రాక్టరొకటి వచ్చింది. ఆయన దాదాపు దాని చక్రాల కింద పడ్డట్టే అడ్డం వెళ్ళాడు. కూతురు ఇటుకల మీదికెక్కి, ఫైలు గుండెకి అదుముకుని కూర్చుంది. "వెళ్ళొస్తా నాన్నా. మెయిన్ రోడ్డులో ఏదో ఒకటి దొరుకుతుందిలే" అంది. ట్రాక్టరు మనిషి నడిచినంత మెల్లగా మలుపు తిరిగింది. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు ఉందని ఆయనకి తెలుసు. లెక్క వెయ్యకుండా ఉండాలని చూశాడు, ఆయనకది చేతకాదు.

టెక్నీషియన్ పన్నెండున్నరకి వచ్చాడు. ట్యాంకు కడిగి నింపి, లాప్‌టాప్ తీగ గుచ్చి, నాలుగు మీటలు నొక్కాడు. బటన్ నొక్కగానే ఇంజిన్ మొదటి దెబ్బకే అందుకుంది. మెత్తగా, ఒక్క ఒణుకు లేకుండా. "ఇంజిన్ సూపర్‌గా ఉంచారు అన్నా" అని మెచ్చుకున్నాడు. గడియారం తల ఊపాడు. అంత చక్కని చప్పుడు వింటూ ఎప్పుడూ అంత ఏడుపు రాలేదు ఆయనకి.

ఆయన శిక్షణ కేంద్రానికి చేరేసరికి ఒంటిగంటన్నర. కూతురు గేటు బయట గోడ నీడలో కూర్చుని ఉంది. చెప్పుల నిండా ఎర్రటి ఇటుక పొడి. పదకొండూ ఇరవైకి చేరిందట. లోపల గుమస్తా మంచివాడే, రిజిస్టరు తెరిచి చూపించాడట, ఇరవై తొమ్మిదో వరుసలో అప్పటికే ఇంకొకరి సంతకం ఉందట. ఇదంతా ఆమె నాలుగు మాటల్లో చెప్పి బండెక్కింది. టేపు గురించి అనలేదు. ఆదివారం గురించి అనలేదు. తెల్ల కారు గురించి కూడా అనలేదు. అంటే బాగుండునని ఆయన ఎదురుచూశాడు.

ఫోన్ మోగింది. వాళ్ళమ్మ. బండి లోపల స్పీకర్లన్నిటిలోంచీ ఆవిడ గొంతు ఒక్కసారిగా పలికింది: "ఏమైందే? చేరావా? పొద్దుటినుంచీ ఇద్దరూ ఫోనెత్తరేం?"

"టైముకి అందలేదమ్మా. సీటు పోయింది."

"అయ్యో! మీ నాన్న ఉండి కూడానా? ఏం చేశాడాయన?"



"నాన్నేం చేస్తాడమ్మా, పాపం" అంది కూతురు కిటికీలోంచి బయటికి చూస్తూ. "రైలు గేటు వేసేశారు. ఎంతసేపటికీ తియ్యలేదు."

ఆయన గేరు వేసి బండి కదిలించాడు. అవతల భార్య ఆ రైలునీ, గేటునీ, గేటు వేసినవాణ్ణీ కడుపు మండి తిడుతూనే ఉంది. కూతురు మెల్లగా ఊ కొడుతోంది.