వేడి గుడ్డ

ముప్పై రెండేళ్ళుగా ఇస్త్రీ పెట్టె పట్టిన చెయ్యి అతనిది. ముందు గదిలోనే బల్ల, అక్కడే పని. చదువు ఆరో తరగతితో ఆగింది. ఆపించింది అక్కే. ఆ సంగతి అతను మర్చిపోలేదు. అమ్మానాన్నా పోయాక తనని పెంచింది కూడా ఆమేనన్న సంగతి ఆమె మర్చిపోనివ్వలేదు.

ఇప్పుడు ఆ అక్క మూడు నెలలుగా వెనక గదిలో మంచం మీద ఉంది. వెన్నెముకలోకి పాకిన కాన్సరు. నొప్పి మాత్రలు కడుపులో నిలవడం లేదని డాక్టరు ఒంటికి అంటించే మత్తుమందు ప్యాచ్ రాశాడు. మూడు రోజులకొకటి. మందుల షాపులో అమ్మాయి పావుగంట సేపు చెప్పింది. కత్తిరించకూడదట. పాతది పీకాకే కొత్తది అంటించాలట. పీకినదాన్ని జిగురు లోపలికి మడిచి తిరిగి షాపులోనే ఇవ్వాలట. ప్యాచ్ మీద వేడి తగలనివ్వకూడదట. అతను తలూపుతూనే ఉన్నాడు గానీ మనసంతా మర్నాటికి ఇవ్వాల్సిన హోటలు దుప్పట్ల మీద ఉంది. వేడి గురించి నాకొకరు చెప్పాలా అని కూడా అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం అక్క పిలిచింది.

"ఒరేయ్, వీపు చీలిపోతోందిరా."

"నిన్ననేగా కొత్తది అంటించాను."

"అంటించావులే, స్టాంపు అంటించినట్టు. ఇంక పోస్టులో వెయ్యడమే తరువాయి."

అతనికి నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. తువాలు నాలుగు మడతలు వేసి, నీళ్ళు చిలకరించి, పెట్టె ఆనించాడు. వేడి చూసుకోవడానికి తువాలు చెంపకి తాకించుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరికి ఎక్కడ నొప్పి వచ్చినా ఇదే వైద్యం. అక్క వీపు మీద, భుజానికి కాస్త కిందగా, సరిగ్గా ప్యాచ్ ఉన్నచోటే పరిచాడు. చల్లారితే ఇంకోటి. గంటలో నాలుగు మార్చాడు.

"నీ చేతిలో ఏదో ఉందిరా" అంది అక్క కళ్ళు మూసుకుంటూ. ఆమె నోట అలాంటి మాట విని ఎన్నేళ్ళయిందో.

"వదిన పడుకుందా?" అంది భార్య, బట్టలు నీళ్ళు చల్లి చుట్టలు చుడుతూ.

"పడుకుంది."

"హమ్మయ్య. కదిలించకండి."

వెనక గదిలోంచి గురక వస్తోంది. అతను చొక్కాల మీద పడ్డాడు. మూలుగు లేని ఇల్లు ఇంత పెద్దదా అనిపించింది. కాసేపటికి గురకల మధ్య ఎడం పెరిగింది. గురకకీ గురకకీ మధ్య ఒక కాలరు అయిపోతోంది. ఆ తర్వాత కాలరూ, రెండు చేతులూ అయ్యాయి. తర్వాత గురకే లేదు.

అతనికి తెలిసింది. తెలిసీ కదల్లేదు. చేతిలోకి దుప్పటి తీసుకున్నాడు. అంచులు కలిపి మడిచాడు. ఇలాగే ఉండిపోతే, అన్న మాట బుర్రలో సగం వరకు వచ్చింది. దుప్పటి బల్ల మీద పడేసి లోపలికి పరిగెత్తాడు.

పెదాలు నీలంగా ఉన్నాయి. "అక్కా" అని కుదిపాడు. పలకలేదు. భార్య అంబులెన్సుకి ఫోను కలిపి అతని చెవి దగ్గర పెట్టింది.

"ఒంటి మీద ప్యాచ్ ఏమైనా ఉందా?" అంది ఫోన్లో ఆవిడ.

"ఉంది."

"పీకెయ్యండి. దాని మీద వేడి పెట్టారా?"

భార్య అతని వంక చూసింది.

"పెట్టాను."

"గుడ్డ తీసెయ్యండి. గట్టిగా పిలుస్తూ ఊపిరి తీసుకోమని చెప్పండి."

"అక్కా, ఊపిరి తియ్యి. తియ్యవే." ఆమెకి ఆజ్ఞ వెయ్యడం అతని జన్మలో అదే మొదటిసారి. తీసింది, ఒకటి. మళ్ళీ అరిచాడు. ఇంకొకటి. అంబులెన్సు వాళ్ళు వచ్చి ఆ మందుకి విరుగుడు సూది వేసేదాకా అలా అరుస్తూనే ఉన్నాడు. సూదికి ఆమె లేచింది. ఆమెతోపాటు నొప్పీ లేచింది.

"వేడికి చర్మం కిందున్న మందు ఎక్కువెక్కువగా రక్తంలోకి దిగిపోతుంది" అన్నాడు ఆసుపత్రి డాక్టరు. అతనూ అలిసిపోయి ఉన్నాడు. "ప్యాచ్ ఇచ్చేటప్పుడు చెప్పలేదా మీకు?"

"ఆయనకి తెలియక..." అనబోయింది భార్య.

"చెప్పారు. నేనే వినలేదు" అన్నాడతను.

ప్యాచ్ తీసేసినా చర్మంలో ఉన్న మందు ఇంకా దిగుతుందనీ, రేపటిదాకా కనిపెట్టి ఉండాలనీ, కొత్తది తాము చెప్పాకే అంటించాలనీ డాక్టరు చెప్పాడు. ఈసారి అతను విన్నాడు. మళ్ళీ చెప్పించుకుని విన్నాడు.

సాయంత్రం ఆసుపత్రి మంచం మీంచి అక్క అతని మణికట్టు పట్టుకుంది.

"ఒక్క గుడ్డ వెయ్యరా."

"వద్దక్కా. ఊపిరి ఆగింది నీకు."

"హాయిగా నిద్రపోయాన్రా."

"నాకూ హాయిగానే అనిపించింది." అతను నేల వైపు చూశాడు. "గురక ఆగడం తెలిసింది నాకు. వెంటనే రాలేదు."

"ఎంతసేపు?"

"దుప్పటి మడిచేంత."

అక్క గోడ వైపు చూసింది. నొప్పి వచ్చి పోయేదాకా పళ్ళు బిగించింది.

"నేనైతే రెండు మడిచేదాన్నేమో" అంది. "సరే, ఇటు తిప్పు. అటు కాదు, ఇటు."

ఇటే తిప్పాడు. మోకాళ్ళ మధ్య దిండు పెట్టాడు. ఆమె మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది. అతను స్టూలు దగ్గరికి లాక్కుని, వింటూ కూర్చున్నాడు.