మెడ దాకా కత్తిరించిన ఫొటోలు

మా ఆవిడ ఫొటోలు నా దగ్గర నాలుగువందల పన్నెండు ఉన్నాయి. ఒక్కదానిలోనూ తల లేదు.

ఇలా అంటే నాకు మతి చలించిందనుకుంటారు. విషయం చాలా మామూలుది. ఆవిడ బట్టలు కుట్టేది: గౌన్లు, పొడుగు కోట్లు, కాలరున్న చొక్కాలు. వాటిని ఫొటో తీసి మా అమ్మకాల పేజీలో పెట్టడం నా పని. హేంగరుకు తగిలిస్తే బట్టకి ప్రాణం ఉండదని ఆవిడే తొడుక్కుని ముందుగది కిటికీ పక్కన నిలబడేది. ముఖం మాత్రం పేజీలోకి రాకూడదని షరతు. “కొనేవాళ్ళు కోటు కొంటారు గానీ నన్ను కొంటారా?” అనేది.

నేను ముప్పై ఏళ్ళు ఫొటో ల్యాబులో ప్రింట్ల అంచులు కత్తిరించినవాణ్ణి. ల్యాబు మూతపడినా చెయ్యి ఊరుకుంటుందా? ఫొటోని కంప్యూటర్లోకి ఎక్కించి వెలుతురు సరిచేసేవాణ్ణి. మెడ దగ్గర గీత పెట్టి పైదంతా కోసేసేవాణ్ణి. అటూ ఇటూ అనవసరపు గోడ తీసేసి, వెడల్పు వెయ్యి పిక్సెళ్ళకి దించి, తేదీనే పేరుగా పెట్టేవాణ్ణి. గుండీల రంగు రవ్వంత తేడా వచ్చినా మొదటినుంచీ మళ్ళీ తీయాల్సిందే. ఆవిడ కాళ్ళు పీకుతున్నాయన్నా వినేవాణ్ణి కాదు.

సేవ్ చేసేటప్పుడు కంప్యూటర్ అడుగుతుంది, పాతదాన్ని తీసేసి దీన్ని ఉంచమంటారా అని. ప్రతిసారీ ఉంచమన్నాను. కోసినది ఉండగా కోయనిది దేనికి? ఇంట్లో విరిగిన కుర్చీ ఉంటేనే ఒంటికాలి మీద లేచేవాణ్ణి, కంప్యూటర్లో చెత్త ఉండనిస్తానా? సాయంత్రమయ్యేసరికి కెమెరా కార్డు కూడా ఖాళీ చేసేవాణ్ణి. అదేదో పెద్ద క్రమశిక్షణ అనుకుని మురిసిపోయిన మొనగాణ్ణి నేను.

నెల క్రితం ఆవిడ పోయింది. కడుపులో గడ్డ. తెలిసిన మూడు వారాలకే అంతా అయిపోయింది. “ఆరు నెలల ముందు వచ్చుంటే ఏమైనా చేసేవాళ్ళం. నొప్పి ఎప్పటినుంచమ్మా?” అని డాక్టరు అడిగితే, “ఈ మధ్యేనండీ” అంది. పక్కనున్న నేనూ అవునని తలూపాను.

పేజీ మూసేద్దామనుకున్నాను. సెలవు పెట్టి వచ్చిన అమ్మాయి ఒప్పుకోలేదు.

“ఉత్తినే మూసేస్తే ఎలా నాన్నా? ఎన్నేళ్ళనుంచి కొంటున్నారు వాళ్ళంతా. అమ్మ ఫొటో ఒకటి పెట్టి, ఈవిడే కుట్టింది, ఇప్పుడు లేదు అని రాద్దాం. ఒక్కసారైనా అమ్మ ముఖం చూడనీ వాళ్ళని.”

ఇంట్లో ఉన్నవి వెతికాను. పెళ్ళి ఫొటోలో ఉన్నది పందొమ్మిదేళ్ళ పిల్ల. గుర్తింపు కార్డులో ఉన్నది చేయని తప్పు ఒప్పుకోబోతున్న ఎవరో మనిషి. అమ్మాయి దగ్గరున్నవి పోయినేడాది ఆమె ఫోను నీళ్ళలో పడినప్పుడే పోయాయి.

“నీ దగ్గర వందలుండాలి కదా!” అంది.

సంగతి చెప్పాను.

“అన్నీ కోసేశావా?”

“అన్నీ.”

“ఒక్కటి కూడా...”

“ఒక్కటి కూడా లేదమ్మా.”

తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు. వెళ్ళి వాళ్ళమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని, సగం కుట్టిన గౌను అంచుని వేళ్ళతో సాఫు చేస్తూ ఉండిపోయింది. కన్నకూతురికి తల్లి ముఖం చూపించలేని తండ్రిని నేనొక్కణ్ణే అయుంటాను. చాలా సిగ్గుపడ్డాను.

మర్నాడు ఉదయం, కనీసం బట్టలైనా దాచుకుంటానంటూ ఫొటోలన్నీ తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంది. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను.

“నాన్నా! ఒకసారి ఇలా రా! తొందరగా!”

తడిచేతులతోనే వెళ్ళాను. తెరనిండా వరసలు వరసలుగా పోస్టేజీ స్టాంపులంత బొమ్మలు. వాటికి తలలున్నాయి.

అమ్మాయి ఒకదాన్ని తెరిచింది. పెద్దదిగా తెరుచుకోగానే మళ్ళీ మెడ దాకానే. మూసేస్తే చిన్న బొమ్మలో మా ఆవిడ నిక్షేపంగా ఉంది.

“కెమెరా ప్రతి ఫొటో లోపలా ఒక చిన్న నకలు దాస్తుంది నాన్నా, గబుక్కున చూపించడానికి. నీ పాత సాఫ్ట్‌వేర్ పెద్దదాన్నే కోసింది, లోపలున్న చిన్నదాని జోలికి పోలేదు. నువ్వెప్పుడూ చూడలేదా?”

ఎక్కడ చూస్తాను? నా కంప్యూటర్లో బొమ్మలు రావు. తేదీల జాబితాగా పెట్టుకున్నాను, చూడ్డానికి పద్ధతిగా ఉంటుందని.

ఆ నకళ్ళని బయటికి తీసి పెద్దది చేయబోతే ముఖం చదరాలు చదరాలుగా విడిపోయింది. ఉన్నంతలోనే చూడాలి. కళ్ళజోడు తుడుచుకుని తెర దగ్గరికి వంగాను. ఒక ఫొటోలో మా ఆవిడ నాలుక చాపి ఉంది. పక్కదానిలో బుగ్గలు పూరించింది. ఇంకోదానిలో కనుబొమలు ముడిచి మూతి బిగించింది.

“ఇది నువ్వే నాన్నా! నిన్నే వెక్కిరిస్తోంది!”

నేనే. గుండీలు చూసుకుంటున్నప్పుడు నా ముఖం అలాగే ఉంటుందట. ఫొటో తీసేటప్పుడు “కాస్త కుదురుగా ఉండు” అని విసుక్కుంటే ఆవిడ అనేది: “తల తీసేస్తారుగా! నవ్వితే ఏం, ఏడిస్తే ఏం?” నేను కాలరు కుదిరిందా లేదా అనే చూసేవాణ్ణి. ఎదురుగా నిలబడి ఇన్నేళ్ళు నన్ను ఆటపట్టిస్తే నాకు తెలియనేలేదు. నేనూ అమ్మాయీ పగలబడి నవ్వాం. ఆవిడ పోయాక ఆ ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదలు.

తేదీల వరసలో కిందికి వెళుతున్నాం. ఒకచోట వెక్కిరింతలు ఆగిపోయాయి. కళ్ళు మూసుకుని ఉంది. తర్వాతదానిలోనూ అంతే. అమ్మాయి వేలు తెరమీద ఒకచోట ఆగింది.

“ఈ చెయ్యేంటి నాన్నా?”

ఎడమచెయ్యి పక్కకి చాపి కిటికీ ఊచ పట్టుకుని ఉంది. తర్వాతి ఫొటోలోనూ, ఆ తర్వాతి వాటిలోనూ అదే ఊచ, అదే చెయ్యి. ఒకటి రెండిటిలో ఒంటి బరువంతా దానిమీదే వేసింది.

నాకు గుర్తుంది. “చెయ్యి దించు, భుజం దగ్గర ముడత పడుతోంది” అని కసిరాను. “చాస్తే చేతి పొడుగు తెలుస్తుంది కదండీ” అంది. ఆ మాటా నిజమేననుకుని, ప్రతి ఫొటోలో మణికట్టు దగ్గర కోసేశాను.

ఆ చెయ్యి మొదట కనిపించిన ఫొటో తేదీ చూశాను. ఆవిడ పోవడానికి పదకొండు నెలల ముందు. డాక్టరు అడిగింది ఆరు నెలలే. నా చేత్తో నేనే పేర్లు పెట్టాను కాబట్టి తప్పయ్యే వీల్లేదు.

అమ్మాయి నా వైపు చూడలేదు. నా భుజంమీద చెయ్యి వేసింది. నేను ఏడ్చాను. గిన్నెల సబ్బు చేతికుండగానే కళ్ళు తుడుచుకుంటే ఇంకా మండాయి.

అమ్మాయి మళ్ళీ పై వరసలకి వెళ్ళి, “ఏది పెడదాం? ఆ బుగ్గలు పూరించింది పెడదామా? అప్పటికి అమ్మ బాగుంది” అంది.

“చివరిదాకా వెళ్ళు” అన్నాను.

చివరి ఫొటోలో బూడిదరంగు కోటు తొడుక్కుంది. ముఖం చిక్కిపోయింది. ఎడమచెయ్యి ఊచని పట్టుకునే ఉంది. నాలుక మాత్రం నా వైపు చాపింది.

“ఇదే” అన్నాను.

పేజీలో పెట్టబోతే అది తీసుకోలేదు. ఫొటో మరీ చిన్నదిగా ఉందని, కనీసం అయిదువందల పిక్సెళ్ళుండాలని అంది. ఇన్నేళ్ళూ పెద్దవాటిని చిన్నవి చేసి దాని కోరిక తీర్చాను, ఇప్పుడు ఇదీ మర్యాద! వెయ్యి పిక్సెళ్ళ తెల్లటి ఖాళీ ఒకటి తయారుచేసి, మధ్యలో ఆ బొమ్మని సాగదీయకుండా ఉన్నంతలోనే ఉంచాను. చూడాలనుకున్నవాళ్ళు ముఖం దగ్గరికి తెచ్చి చూస్తారు.

“పక్కన కిటికీ, గోడా వస్తున్నాయి నాన్నా. ఎక్కడిదాకా కత్తిరించను?” అని అడిగింది.

“ఏమీ కత్తిరించకమ్మా. ఆ చెయ్యి కూడా ఉండనీ.”

సేవ్ చేస్తుంటే కంప్యూటర్ అలవాటుగా అడిగింది, పాతదాన్ని తీసేయమంటారా అని. వద్దన్నాను.