రెండో కెమెరా

ఒళ్లు మండదూ మరి? టీవీ కేంద్రం యాభయ్యో వార్షికోత్సవంలో, ఒకప్పుడు అక్కడే పనిచేసినావిడ కూతురు చివరి వరసలో కూర్చుని వింటూ ఉండగానే, తర్వాత ఆ కేంద్రానికే అధికారి అయిన పెద్దమనిషి మైకు పట్టుకుని, "మన మొట్టమొదటి ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం నా చేతుల మీదుగానే జరిగింది" అన్నాడు. నోరెలా వచ్చిందో! ఆ రోజు స్టేడియం బయట వ్యానులో నాలుగు తెరల ముందు కూర్చుని, ఏ కెమెరా బొమ్మ ఎప్పుడు ఇళ్లకు వెళ్లాలో చెప్పింది ఆమె తల్లి. ఈయన తిప్పింది రెండో కెమెరా.

తల్లి పోయి ఆర్నెల్లు. హాలు గోడమీది తొలి ప్రసారం ఫలకంలో ఆమె పేరు చేర్చమని కూతురు నాలుగుసార్లు తిరిగింది. "ఆధారం కావాలమ్మా. రికార్డుల్లో సార్ పేరే ఉంది" అని గుమస్తా ప్రతిసారీ అదే పాట. రికార్డులు రాయించిందెవరు? దొంగ చేతికే తాళాలు!

ఇంతలో తెరమీద ఆ మ్యాచ్ ఆఖరి నిమిషాలు వేశారు. పాత టేపు గొంతు నొక్కేసి, పైన ఏదో సంగీతం పెట్టారు. ఎందుకు నొక్కారో ఆమెకు తెలీదనుకున్నారు కాబోలు.

ఆ మ్యాచ్ నాటికి ఆమెకు ఏడేళ్లు. ఇంట్లో తండ్రి పక్కన కూర్చుని టీవీలో చూస్తోంది. కెమెరావాళ్లకు ఆదేశాలిచ్చే తన మైకు ప్రసారంలో కలవకుండా చూడటం హడావుడిలో తల్లి మరిచిపోయింది. వ్యాఖ్యాత మాటల మధ్య ఆమె అరుపులు ఇంటింటికీ వెళ్లాయి. మర్నాడు సంజాయిషీ కాగితం! "ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే తిన్నా నీ తిట్లు, ఇప్పుడు ఊరంతా తింది" అని తండ్రి నవ్వాడు గానీ, తల్లి మాత్రం చచ్చేదాకా ఆ ఊసెత్తితే తలదించుకునేది.

కూతురు లేచింది. "ఆ సంగీతం ఆపండి! అసలు శబ్దం పెట్టండి!"

"కూర్చోండమ్మా" అన్నారెవరో.

"కూర్చోను. ఆధారం అడిగారుగా!"

శబ్దం చూసుకునే అమ్మాయి కాస్త తటపటాయించి మీట జరిపింది. జనం హోరు, వ్యాఖ్యాత గొంతు, ఆ రెండింటినీ తోసుకుంటూ మరో గొంతు:

"రెండో కెమెరా! ఆకాశంలో ఏముందయ్యా నీకు? బంతి కింద! మూడో కెమెరా, నువ్వు పట్టు... అబ్బ, గోలు!"

తెరమీద మబ్బులు, ఆ తర్వాత వల. హాలంతా గొల్లున నవ్వింది. కూతురు నవ్వలేదు. ఏడేళ్లప్పుడు అన్నట్టే "అమ్మ!" అనేసి, కళ్లు తుడుచుకుంది.

"చాలు, ఆపెయ్" అన్నాడు పెద్దమనిషి, ముఖం కందగడ్డ చేసుకుని.

ఆ అమ్మాయి ఆయన వైపు కాదు, కూతురి వైపు చూసింది.

"ఆపకమ్మా" అంది కూతురు. "మా అమ్మ పని ఇంకా అయిపోలేదు."