గిటార్ ఇంకొంచెం పెంచు

వెంకటరామన్‌కి చెవులు పోయాయి. పూర్తిగా పోలేదు. స్పిన్నింగ్ మిల్లులో ముప్ఫై రెండేళ్లు ఫిట్టరుగా చేసిన మనిషికి లావు చప్పుళ్లు మిగిలాయి, సన్నవి పోయాయి. బస్సు ఇంజను వినిపిస్తుంది, పిచ్చుక వినిపించదు. ఈ సంగతి తమిళనాడులో ఆయన ఉండే రాజపాళయంలో ఒక్కరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది, ఆయన ఒప్పుకుంటే కదా! అరవై ఎనిమిదేళ్ల మనిషికి కళ్లద్దాలు పెట్టుకోవడానికి లేని సిగ్గు చెవి మిషనుకి ఎందుకొచ్చిందో ఆయననే అడగాలి.

సిగ్గుకి కారణం లేకపోలేదు. మద్రాసులో చదువుకునే రోజుల్లో నలుగురు కుర్రాళ్లు 'బ్లాక్ స్పిండిల్' అని ఒక హార్డ్ రాక్ బ్యాండు పెట్టారు. అందులో ఇద్దరు ఈ పక్కవాళ్లే. బేస్ గిటార్ వెంకటరామన్‌ది, లీడ్ గిటార్ తళవాయిపురం నవనీతకృష్ణన్‌ది. ఆరేళ్లలో మూడు ఆల్బమ్‌లు చేశారు. పేరొచ్చింది గాని కూడు రాలేదు. చివరికి ఒకడు మిల్లులో చేరాడు, ఇంకొకడు బ్యాండేజీ గుడ్డ వ్యాపారంలో కూర్చున్నాడు.

నలభై ఏళ్లయ్యాక, బెంగళూరు కంపెనీ ఒకటి ఆ మూడు ఆల్బమ్‌లనూ మళ్లీ పెద్ద రికార్డులుగా వేస్తామని వచ్చింది. నలుగురిలో బతికున్నది వెంకటరామన్ ఒక్కడే. ఆయన ఓకే అంటేనే ఏదైనా బయటికి వెళ్తుందని కంపెనీ మాట. ఆ వారమంతా ముసలాయన కాళ్లు నేల మీద ఆనలేదు.

చెన్నైలో హరిహరన్ అనే సౌండ్ ఇంజినీరు పాత టేపులు శుభ్రం చేసి ఒక్కో పాటా ఫోనుకి పంపేవాడు. వెంకటరామన్ దాన్ని స్పీకరు పెట్టెలో మోగించి, పెట్టె మీద అరచెయ్యి ఆనించేవాడు. మిల్లులో బేరింగు పోయిందో లేదో అలాగే చెప్పేవాడు, ఒక్కనాడు తప్పలేదు. బేస్ చేతికి తగిలింది, డ్రమ్ము తగిలింది. మరి నవనీతం గిటార్ ఏది?

'గిటార్ ఇంకొంచెం పెంచు' అని మెసేజీ పెట్టాడు. హరిహరన్ పెంచాడు. చాలదన్నాడు. మళ్లీ పెంచాడు. అలా పదకొండుసార్లు. ఒకసారి ఆ అబ్బాయి భయపడుతూనే, ఇప్పటికే చెవులకు గుచ్చుకుంటోంది సార్ అన్నాడు. నువ్వు పుట్టకముందు వాయించినవాళ్లం, మాకు చెబుతావా అని ఈయన కసిరాడు. పాపం, ఆ అబ్బాయి ఇంకేం మాట్లాడతాడు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఇక్కడ శంఖం ఎలా ఊదాలో చెవిటివాడే చెప్పాడు.

మొదటి ఆల్బమ్ అయిదొందల రికార్డులు అచ్చయి కొన్నవాళ్ల ఇళ్లకి వెళ్లిపోయాయి. తన కాపీ సంచిలో పెట్టుకుని వెంకటరామన్ బస్సెక్కి తళవాయిపురం వెళ్లాడు, నవనీతకృష్ణన్ భార్య వాసవమ్మ దగ్గరికి. ఆమె కూతురు ధన్య దీని కోసమనే రికార్డు ప్లేయరు కొని ఉంచింది.

పాట మొదలైంది. తన బేస్ మోత గచ్చులోంచి పాదాల్లోకి వచ్చింది. గిటార్ అందుకునే చోటు ఆయనకు కంఠతా వచ్చు. సరిగ్గా అక్కడే వాసవమ్మ ఉలిక్కిపడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. భర్త చెయ్యి గుర్తుపట్టింది అనుకుని ఈయన పొంగిపోయాడు.

ఆమె కూతురి వైపు తిరిగి మెల్లగా ఏదో అంది. ఆ గొంతు ఆయన చెవికి అందే గొంతు కాదు. కాని మిల్లులో నూలు వడికే హాల్లో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అక్కడ పనిచేసేవాళ్లు ఈ కొసనుంచి ఆ కొసకి పెదవులు చూసి మాట్లాడుకుంటారు. మిల్లు గడప ఎన్నడూ తొక్కని వాసవమ్మకి అది తెలియదు.

"ఇది మీ నాయన వాయించింది కాదు," అన్నాయి ఆ పెదవులు. "చెవిలో సూది దిగినట్టుంది. అన్నకి చెవులు పోయినాయి దాన్, నిజంగానే. చెప్పొద్దు, పాపం."

ఆ పాపం అన్న మాటకి ఆయనకి సిగ్గుతో ఒళ్లు మండిపోయింది. రెండో ఆల్బమ్ హరిహరన్ దగ్గర సిద్ధంగా ఉంది, సోమవారం ఓకే చెప్పాలి. తాను నోరు మూసుకుంటే ఈ తల్లీకూతుళ్లు జాలిపడుతూనే మిగతా రెండూ పాడుచేయనిస్తారు.

పాట ఆపమని ధన్యకి చెప్పాడు.

"నాకు వినబడదమ్మా," అన్నాడు. "సన్న సౌండు ఏదీ వినబడదు. వాడి గిటారుని నేనే పాడుచేసినాను. మిగిలిన రెండూ ధన్యని విననీ. ధన్య ఓకే అంటే దాన్ ఓకే, లేకుంటే లేదు."

వాసవమ్మ తిట్టలేదు. అయిదొందలమంది ఇళ్లలో నా మొగుడు గీపెడుతున్నాడే అని దెప్పలేదు. ధన్య అక్కడికక్కడే హరిహరన్‌కి ఫోను చేసి, ఇకమీదట పాటలు తనకే పంపమంది. వెంకటరామన్‌కి ఎన్నేళ్ల తర్వాతో ప్రాణం తేలికపడింది. కాఫీ ఇస్తే తాగాడు. ఇంతటితో అయిపోయిందనుకున్నాడు, వెర్రి మనిషి.

వాసవమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది. తన ముఖం ఆయనకి బాగా కనబడేలా సర్దుకుని, ఎన్నాళ్లయిందన్నా అని అడిగింది. ఆలోచించకుండానే ఎనిమిదేండ్లు అనేశాడు.

ఆమె మొగుడు పోయి అయిదేళ్లు.

"ఆస్పత్రికి పోయే ముందు రోజు," అంది, ఒక్కో మాటా విడిగా. "ఇక్కడ దాన్ కూర్చొని మీకు కొత్త పాట వాయించినారు. నేను అంగట్లో ఉన్నాను, ధన్య కాలేజీలో ఉన్నింది. మాకెవురికీ వినిపించలేదు. ముందు వెంకటరామన్ ఏమంటాడో చూస్తానన్నారు. మీరు బాగుందన్నారంట. ఆ ఒక్క మాటే చెప్పుకుంటా పోయినారు." కొంచెం ముందుకి జరిగింది. "అది ఎట్లుందన్నా?"

అబద్ధానికి చోటుంది. ఆ రోజు కాస్త వినబడేదమ్మా అంటే చాలు, ఆ తల్లి నమ్మేస్తుంది. నమ్మాలనే చూస్తోంది.

వెంకటరామన్ గ్లాసు కింద పెట్టాడు.

"తెలీదమ్మా," అన్నాడు. "వాడి వేళ్లు చూసి తల ఊపినాను."

వాసవమ్మ ఏదో అంది. ఆయన తలెత్తి ఆమె పెదవుల వైపు చూడలేదు.