దొర చెరువు

నలభై ఏడు వేసవిలో చిలుకూరు చుట్టుపక్కల ఎండకుండా మిగిలింది దొర చెరువొక్కటే. ఆ నీళ్లకు దిగివచ్చే జింకలను చుట్టాలకు చూపించాలని దొరకు మోజు. చుట్టాలున్న వారం రోజులూ గొడ్డూ గోదా కట్ట ఎక్కగూడదని టముకు వేయించాడు. పైగా, జింకల జాడలు తెలిసినవాడని కురుమ బీరయ్యను వెట్టికి పిలిపించాడు. బీరయ్య మందలో అప్పటికే పదకొండు గొర్రెలు దప్పికతో చచ్చాయి.

మిట్టమధ్యాహ్నం తుమ్మపొదల చాటున దొర బావమరిది, బందరు నుంచి వచ్చినవాడు, దుర్బిణి పట్టుకొని కూర్చున్నాడు. వెనక కర్రతో దొర మనిషి సైదయ్య.

"నీ గొర్రెకంపుకి జింకలు రావయ్యా, అవతలికి జరుగు," అన్నాడు బావమరిది.

నీ అత్తరుకే రావు అనబోయి, బీరయ్య పళ్లు బిగబట్టి జరిగాడు.

కాసేపటికి ఆవలి గట్టున ఏడు జింకలు దిగాయి. "అబ్బ! ఆ మగదాని కొమ్ములు చూడు!" అని బావమరిది మురిసిపోయాడు. బీరయ్య జింకలను చూడలేదు. అవి తాగుతున్న నీళ్లను చూశాడు.

ఉన్నట్టుండి జింకలు బెదిరి పరుగెత్తాయి. కట్ట మీద దుమ్ము లేచింది.

"ఛీ, గొర్రెలు! ఎవత్తో తోలుకొస్తోంది!" అన్నాడు బావమరిది.

బీరయ్య తలెత్తి చూశాడు. ఆమె అతని భార్య బక్కమ్మ. రావద్దని పొద్దున్నే చెప్పి వచ్చాడు.

"నీ పెండ్లమేరా! టముకు ఇనలేదారా అది?" సైదయ్య కర్ర ఎత్తాడు.

"ఇన్నది, సైదన్నా. గొర్లే ఇనలే."

సైదయ్య కట్టవైపు ఉరకబోయాడు. బీరయ్య వెనకనుంచి అతని కాళ్లు చుట్టేసుకున్నాడు. దెబ్బలు వీపున, మెడన, భుజాన పడ్డాయి. "కొట్టు, ఇంకా కొట్టు!" అని బావమరిది అరిచాడు. ఎముక విరిగిన చప్పుడు బీరయ్యకే వినబడింది. అయినా వదల్లేదు. బక్కమ్మ అదంతా చూస్తూనే ఉంది. ఆఖరి గొర్రెపిల్ల నీళ్లు తాగి మూతి ఎత్తేదాకా కదల్లేదు. తర్వాత రాళ్లు ఒడినిండా ఏరుకొని వచ్చింది. మొదటి రాయికే దుర్బిణి కింద పారేసి బావమరిది దొర ఉండే గడివైపు పరుగెత్తాడు. రెండోది నుదుట తగిలి సైదయ్య చతికిలబడ్డాడు.

సాయంత్రానికి దొర మనుషులు వచ్చి బీరయ్య మందలోంచి నాలుగు పొట్టేళ్లను పట్టుకుపోయారు. మర్నాడు ఊరి పశువులన్నీ కట్ట ఎక్కాయి. తలకు గుడ్డ చుట్టుకున్న సైదయ్య ఒక్కడే అడ్డం నిలబడి, ఆ మందను చూసి పక్కకు తప్పుకున్నాడు.

ఇంట్లో బక్కమ్మ భర్త భుజానికి పసుపు పట్టు వేస్తోంది.

"రావద్దన్న గదనే," అన్నాడు బీరయ్య.

"అన్నవ్. కదలకు, జారిపోతది."