మూట మోసినవాడు పోతే

తాడు తెగినప్పుడు నేను చీర మడతపెడుతున్నాను.

బెంగళూరు నగర్తపేటలో మా బట్టల అంగడికి మూడు అంతస్తులు, లిఫ్టు మాత్రం లేదు. పై అంతస్తు కిటికీ మీద దూలానికి ఒక కప్పీ వేలాడుతుంది. బేళ్లను, అంటే బట్టల పెద్ద మూటలను, తాడుకు కట్టి వీధిలోనుంచి పైకి లాగుతారు. పైన నిలబడ్డ హమాలీ వంగి లోపలికి గుంజుకుంటాడు. ఆ రోజు పైన ఉన్నది జోగయ్య. తాడు నలిగిపోయిందని దసరా సరుకు రాకముందే యజమానికి చెప్పాడు. సరుకు దిగాక చూద్దామన్నారు. తాడు తెగింది, బేలు జారింది, దాన్ని పట్టుకున్న జోగయ్య కూడా దాంతోపాటే కిందికి వచ్చాడు.

సన్నగా వాన పడుతోంది. మా యజమాని మోహన్‌కుమార్ గడప దాకా వచ్చి చూశాడు.

"ఆ బేలు లోపలికి తీయండప్పా, తడస్తాది" అన్నాడు.

ఇద్దరు బేలును లోపలికి తీశారు. ఇద్దరు జోగయ్యను ఆటోలో ఎక్కించారు. అప్పటికే ప్రాణం పోయింది. గడప దాకా వెళ్లిన నేను లోపలికొచ్చి సగంలో వదిలిన చీర పూర్తిగా మడిచాను. కొనడానికొచ్చినామె ఇంకో రంగు చూపించమంది, చూపించాను. నా పక్కన మడతలు పెట్టే జరీనా కూడా పని ఆపలేదు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. చేతులు వాటంతటవే ఆడుతున్నాయి. మీలో పొద్దస్తమానం నిలబడి పనిచేసేవాళ్లకు ఈ మొద్దుబారడం తెలిసే ఉంటుంది. చదువుకునే పిల్లలకు తెలియకపోతే అది వాళ్ల అదృష్టం.

సాయంత్రం పోలీసులు వచ్చినప్పుడు మోహన్‌కుమార్ వాళ్లకు కాఫీ తెప్పించాడు.

"వాడు మా మనిషి కాదు సార్. కాంట్రాక్టర్ పంపిస్తాడు, ఈ పొద్దు ఒగడు, రేపు ఒగడు."

జోగయ్య పెళ్లి కాకముందునుంచీ ఈ అంగడిలోనే మూటలు మోశాడు. పొద్దున షట్టర్ ఎత్తేదీ, రాత్రి దించేదీ అతనే. ఆ షట్టర్ సగంలో ఇరుక్కుంటుంది. అరచేత్తో ఎడమ పక్కన ఒక్క దెబ్బ వేస్తేగానీ దిగదు. ఆ దెబ్బ చప్పుడు వింటే మాకు ఇంటికెళ్లే వేళయినట్టు.

ఈ అంగడి పెట్టిన దొడ్డప్ప గురించి మీకు చెప్పాలి. గల్లా పైన ఆయన ఫొటో ఉంటుంది, తలపాగా, మీసం, గంధపు దండ. పావగడలో చిన్న బట్టల వ్యాపారి. సంతలు తిరిగి పంచెలు, రవికె గుడ్డలు అమ్మాడు. తర్వాత కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని బెంగళూరు వచ్చాడు. నెత్తిన ఒకే ఒక్క మూటతో వచ్చాడట. మనవడు మోహన్‌కుమార్ ఆ కథ ప్రతి ఆయుధపూజకూ చెబుతాడు, మేం బొరుగులు నములుతూ వింటాం. ఏటేటా ఆ మూట బరువు పెరుగుతూనే ఉంది. మిగతా మూటలు ఎవరు మోశారన్నది మాత్రం కథలో ఎప్పుడూ రాదు.

ఆ కథ చివర ఒక మాట తప్పకుండా ఉంటుంది. మూట మోసినవాడు పోతే, శవం వీధి దాటేదాకా అంగడి తలుపు మూయాలి. ఇది దొడ్డప్ప పెట్టిన ఆచారమనీ, ఆయనది అంత దయగల గుండె అనీ చెబుతాడు. నిజంగానే మా అంగడి హమాలీ ఎవరు పోయినా తలుపు మూసేవారు.

మరి జోగయ్యకు మూస్తారా? మూస్తే మా మనిషే అని నలుగురిలో ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే తాడు సంగతి వస్తుంది, మారెమ్మ బతుకు సంగతి వస్తుంది. మారెమ్మ జోగయ్య భార్య, ఆమెకు పరిహారం ఇవ్వాల్సి వస్తుంది.

ఆ సాయంత్రమే వీధి చివర టీ అంగడి దగ్గర హమాలీలందరూ గుమిగూడారు. జరీనా, నేనూ వెళ్లాం.

"దసరా బేరాల్లో షట్టర్ మూయమంటే మూస్తాడా? సుమ్నే నోరు మూసుకుని ఉండండప్పా. రేపు మనకి పని ఎవురిస్తారు?" అన్నాడు ఒక ముసలి హమాలీ.

"పని ఇస్తాండేది ఎవురు, చేస్తాండేది ఎవురు? నువ్వు ఎత్తకపోతే ఆయప్ప బేలు ఆడనే కుళ్లిపోతాది" అంది జరీనా.

"నీకేం తల్లీ, మడతలు పెట్టుకుంటావు. తాడు పట్టుకునేది మేము."

"తెగేటి తాడు."

మారెమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. ఎవరో చేతిలో పెట్టిన టీ అలాగే చల్లారిపోయింది.

"నాకు ఇంకేం వద్దు. ఆయన ఈ అంగడి మనిషే అని ఒప్పుకోవాల. తలుపు మూయాల. చచ్చిన కుక్కను మాదిరి ఈడ్చుకపోనియ్యను" అంది.

అందరూ తలలూపారు కానీ ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. రేపు చూద్దామని విడిపోయాం.

మర్నాడు పొద్దున ఆసుపత్రినుంచి శవం బయలుదేరిందని కబురొచ్చింది. మేం చీరలు మడుస్తూనే ఉన్నాం. గల్లా పక్క కుర్చీలో మోహన్‌కుమార్ తల్లి శశికళమ్మ కూర్చుని ఉంది. దొడ్డప్ప వెంట పావగడనుంచి వచ్చిన కోడలు ఆమే.

"మోహనా, తలుపు మూయరా" అంది ఆమె.

"మూస్తే మనవాడని ఒప్పుకున్నట్టు అయితాదమ్మా. లాయర్ వద్దన్నాడు. తాతది దయగల గుండె, ఆ కాలం వేరే."

"దయా?" ముసలామె నవ్వింది. "ఎవురు చెప్పినారు నీకు? నేను కాపరానికి వచ్చిన కొత్తలో, పావగడ అంగట్లో గంగన్న అని హమాలీ, మన మూట కింద పడి సచ్చిపోయినాడు. మీ తాత తలుపు మూయనన్నాడు. సంత దినం. హమాలీలందరూ శవాన్ని తెచ్చి మన మెట్ల మీద పెట్టి కూసున్నారు. ఊర్లో ఒక్క మూట లెయ్యలే. బండ్లన్నీ నిలబడిపాయ. మాపటేళకి మీ తాతే వచ్చి తలుపు మూసినాడు. చేతులు వణకతా ఉంటే గడియ పడలేదు. మిద్దె మీదనుంచి చూసినా. ఆ దినంనుంచి అది ఆచారం. దయ అని పేరు పెట్టింది మీ నాయన."

"అమ్మా, మెల్లగా."

"అంగడి నిలబడాలంటే మూయి. అంతే నేను చెప్పేది."

ఆమె మా పక్షాన మాట్లాడిందని పొరబడకండి. వ్యాపారి ఇంటి కోడలు, ఇల్లు కాపాడుకోమని కొడుక్కి చెప్పుకుంది. మడతలు పెట్టేవాళ్లకు చెవులుంటాయన్నది ఆమెకు తట్టలేదు, అంతే.

నేను జరీనా వైపు చూశాను. ఆమె చేతిలో చీర కొంగు జారి నేల మీద పడింది. దాన్ని తీయకుండానే ఇద్దరమూ బయటికి నడిచాం.

శవాన్ని తెస్తున్న వ్యాన్ వీధి మొదట్లోకి వచ్చింది. వెనక మారెమ్మ, హమాలీలు నడుస్తున్నారు. వాళ్లకు విన్నది విన్నట్టు చెప్పాను. నిన్న సుమ్నే ఉండమన్న ముసలి హమాలీ మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

"అయితే భయపడినాడా దొడ్డప్ప?" అన్నాడు.

"భయపడినాడు."

ఆయన తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని వ్యాన్ తలుపు తీశాడు. జోగయ్యను నలుగురు దించి అంగడి మెట్ల మీద పడుకోబెట్టారు. మారెమ్మ తల దగ్గర కూర్చుంది. మేమందరం చుట్టూ కూర్చున్నాం. కబురు వీధంతా పాకింది. బేలు మోస్తున్నవాళ్లు ఎక్కడివక్కడ దించారు. ఇత్తడి సామాన్ల బండ్లు, కాగితం రీములు, దారపు మూటలు నడివీధిలోనే ఉండిపోయాయి. లారీలు హారన్ కొట్టీ కొట్టీ ఊరుకున్నాయి.

పోలీసులు మళ్లీ వచ్చారు. ఇన్‌స్పెక్టర్ నన్ను అడిగాడు, "నీకేమవుతాడు ఇతను?"

"మా మనిషి" అన్నాను.

జరీనాను అడిగాడు. ఆమె అదే అంది. పక్క వీధినుంచి వచ్చి కూర్చున్న, జోగయ్య ముఖం ఎన్నడూ చూడని హమాలీని అడిగాడు. అతనూ అదే అన్నాడు.

"శవాన్ని ఎత్తండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఒక్కరూ కదల్లేదు. ఆ వీధిలో ఏది లేవాలన్నా ఎత్తాల్సింది మేమే. కానిస్టేబుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మారెమ్మ రెండు చేతులూ చాచి జోగయ్య మీద పడుకుంది. ఆమెను ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. గడప లోపల మోహన్‌కుమార్ ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడి ఉన్నాడు, వెనక గల్లా పైన తాత ఫొటో.

చివరికి మమ్మల్ని పట్టుకున్నారు. నన్నూ జరీనానూ ముసలి హమాలీనీ ఇంకొందరినీ జుట్టు దొరికితే జుట్టు, చొక్కా దొరికితే చొక్కా పట్టి పోలీసు వ్యాన్‌లోకి తోశారు. మేం లేచిన చోట వేరేవాళ్లు వచ్చి కూర్చోవడం జాలీలోంచి చూశాను. వాళ్లలో పక్క అంగళ్ల గుమాస్తాలు కూడా ఉన్నారు.

నడివీధిలో మూటలు ఉండడంతో వ్యాన్ కదల్లేదు. అలా కూర్చుని ఉండగా షట్టర్లు దిగే చప్పుడు మొదలైంది. ముందు ఎదుటి అంగడి, తర్వాత దాని పక్కది. బేరాలు లేక మూశారో, భయపడి మూశారో నాకు తెలియదు. చివరికి వీధి నిశ్శబ్దమైపోయింది.

అప్పుడు ఇంకో షట్టర్ దిగడం మొదలుపెట్టి సగంలో ఇరుక్కుంది.

ఆ చప్పుడు మా అంగడిదేనని నాకూ జరీనాకూ తెలుసు. బయట ఎవరో కిందామీదా పడుతున్నారు. కుడివైపు కొట్టారు, మళ్లీ కొట్టారు. ఎక్కడ కొట్టాలో తెలిసినవాడు మెట్ల మీద పడుకుని ఉన్నాడు. చాలాసేపటికి ఎడమ పక్కన ఒక్క దెబ్బ పడింది. షట్టర్ దబ్బున నేలను తాకింది.

నిన్నటినుంచీ రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. ముసలి హమాలీ కూడా తలగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు.

జరీనా నా చెయ్యి పట్టుకుంది. "ఏడు, బాగా ఏడు. బయటికి పోయినాక ఆ తాడు సంగతి అడగాల" అంది.