రెండో విడత

మా ఆడపడుచు కడుపునొప్పికి నా వంటే కారణమని ఇంటిల్లిపాదీ తీర్మానించి, నాలుగు నెలలు అదే మాట మీద ఉన్నారు. తీర్మానమంటే ఉత్త మాటలతో పోలేదు. నూనె డబ్బా వంటింట్లోంచి మా అత్తగారి గదిలోకి వెళ్ళిపోయింది. నేను పొయ్యి వెలిగిస్తే చాలు, ఆవిడ గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. "ఒక్క చెంచా చాలమ్మా, వరదలు పారించకు" అనేది. మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయనతో మొరపెట్టుకున్నా ఒకటే, గోడతో మొరపెట్టుకున్నా ఒకటే. గోడే నయం, "అమ్మ అన్నదాంట్లో తప్పేముంది?" అని అడగదు.

ఆడపడుచుని అందరం పిట్ట అంటాం. ముప్పై నాలుగేళ్ళ పిట్ట. తనూ నేనూ ఒకే బైండింగ్ షాపులో పనిచేస్తాం. అచ్చయి వచ్చిన కాగితాలను నేను పదహారేసి పేజీల ఫారాలుగా మడిచి పెడితే, తను వాటిని సూదీదారంతో కలిపి కుడుతుంది. ఎన్ని మిషన్లు వచ్చినా లావుపాటి నిఘంటువులకు చేతికుట్టే నిలుస్తుంది. పిట్ట కుట్టిన పుస్తకాన్ని ఎక్కడ తెరిచినా, ఆ పేజీ తిరగబడకుండా బల్ల మీద బుద్ధిగా పడుకుంటుంది. మా మేస్త్రి జన్మలో ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. కానీ మంచి పని వస్తే మాత్రం నోరెత్తకుండా పిట్ట బల్ల మీద పెట్టి పోతాడు.

రెండేళ్ళ కిందట పిట్టకి ముందు కుడికన్ను మసకబారింది. తర్వాత వేళ్ళు మొద్దుబారాయి. గోడ పట్టుకుంటే గానీ నడవలేకపోయేది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు నరాల డాక్టరు. రోగాల నుంచి ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎదురు తిరిగి నరాల పైపొరను తినేస్తుందట. కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకుంటాం? పోయినేడు పెద్దాసుపత్రిలో వరసగా ఐదు రోజులు సెలైన్‌లో ఒక మందు ఎక్కించారు. ఏడాది తిరిగాక రెండో విడత, మూడు రోజులు.

మందు పనిచేసింది. ఆరు నెలలు తిరిగేసరికి పిట్ట గోడ వదిలేసింది. జబ్బు చేశాక మొదటిసారి ఒక పుస్తకం మొత్తం తనే కుట్టి ముడి వేసిన రోజు, దాని మీద తల పెట్టుకుని ఏడ్చింది. కాగితం తడిసినా మేస్త్రి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ తర్వాత మొదలైంది ఈ నొప్పి. కుడిపక్క, పక్కటెముకల కింద. వీధి చివర డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. "ఏం తింటున్నారు?" అని ఆయన అడిగీ అడగ్గానే, "మా వదిన చేతిలో నూనె కాస్త ఎక్కువండీ" అంది పిట్ట, నిమ్మకు నీరెత్తినట్టు. ఆయన నవ్వి గ్యాస్ మాత్రలు రాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి అత్తగారి ముందూ అదే పాట.

సరే, అన్నీ ఉడకబెట్టి పెట్టాను. నొప్పి తగ్గలేదు. "ఇప్పుడు నూనె లేదుగా, మరి ఇప్పుడెందుకొస్తోంది?" అని అడిగాను.

"ఇన్నాళ్ళూ పోసింది ఎక్కడికి పోతుంది?" అంది అత్తగారు. పిట్ట తల వంచుకుని తింటూనే ఉంది. ఆ రోజు నుంచి నేను తనతో మాట్లాడడం మానేశాను.

మూడో రోజు మధ్యాహ్నం, షాపులో తను కుడిపక్కను బల్ల అంచుకి అదిమిపెట్టుకుని కుడుతూ కనబడింది. మొహం పాలిపోయి ఉంది. అయ్యో అనాల్సింది పోయి, "పొద్దుట్నుంచీ మంచినీళ్ళే కదమ్మా తాగావు, దానికీ నా వంటేనా?" అన్నాను. పిట్ట స్టూలు మీంచి జారి కాగితం కట్టల మధ్య పడిపోయింది. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది.

మేస్త్రి పుస్తకాల వ్యానులోనే తీసుకెళ్ళాం. పెద్దాసుపత్రి ఊరికి అవతలి చివర, అందుకని దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ స్కాన్ చేయించింది. "రాళ్ళేమీ లేవు. పిత్తాశయం కొంచెం వాచినట్టుంది గానీ, జ్వరంలో ఒక్కోసారి అలా కనబడుతుంది. ఇంజెక్షన్ ఇస్తాను, ఇంటికెళ్ళి రేపు రండి. రోజూ వాడేవి గానీ, ఈ మధ్య ఎక్కించుకున్నవి గానీ మందులేమైనా ఉన్నాయా?"

"ఏం లేవండీ" అంది పిట్ట.

జ్వరంలో మతి తప్పిందేమో అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే నా మణికట్టు పట్టుకుంది. డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

"చెప్పకు వదినా. ఆ మందు ఎక్కించినప్పుడే నర్సు చెప్పింది. కొందరికి రాళ్ళు లేకుండానే పిత్తాశయం వాస్తుందట. కుడిపక్క నొప్పొస్తే వెంటనే రమ్మంది. వెళ్తే రెండో విడత ఆపేస్తారు. ఇంక మూడు వారాలే. మూడు వారాలు ఓర్చుకుంటే నా చేతులు నాకుంటాయి."

"అంటే నీకు ముందే తెలుసా?"

"మొదటి రోజు నుంచీ."

"మరి నా నూనె?"

పిట్ట కళ్ళు మూసుకుంది. "ఏదో ఒకటి చెప్పాలి కదా వదినా."

నాలుగు నెలలు! తేలు కుట్టిన దొంగలా తను నోరు మూసుకుని, నన్ను దొంగను చేసి నిలబెట్టింది. చెయ్యి విడిపించుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. "నా వంట కాదండీ! ఆ పిల్ల చెప్పేది అబద్ధం. మందు ఎక్కించారు" అని అరిచాను. వార్డులో అందరూ తిరిగి చూశారు. ఏం మందో, ఏ ఆసుపత్రో, ఎప్పుడో, అంతా చెప్పాను. డాక్టరమ్మ మొహం మారిపోయింది. గంటలో సర్జన్ వచ్చాడు.

తీసేసిన పిత్తాశయం అప్పటికే కుళ్ళడం మొదలుపెట్టిందట. "మందు వల్లేనని ఖాయంగా చెప్పలేం, అయ్యుండొచ్చు" అన్నాడాయన. "ఇంటికి తీసుకెళ్ళి ఉంటే మాత్రం మళ్ళీ తీసుకొచ్చేవాళ్ళు కాదు."

నూనె డబ్బా వంటింట్లోకి తిరిగొచ్చింది. నరాల డాక్టరు రెండో విడత ఇవ్వనన్నాడు. వేరే మాత్రలు రాసి, చూద్దామన్నాడు. చూస్తూనే ఉన్నాం. ఆపరేషనయిన ఏడో వారంలో పిట్ట కుడిచేతి రెండు వేళ్ళు మళ్ళీ మొద్దుబారాయి. తర్వాత మూడోది.

మా కోడలే ప్రాణం నిలబెట్టిందని అత్తగారు అందరికీ చెబుతోంది. వింటుంటే చచ్చేంత సిగ్గేస్తుంది. ఆ వార్డులో నా నోట్లోంచి ముందు వచ్చింది పిట్ట ప్రాణం కాదు, నా వంట. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పక్కర్లేని మనిషి ఒకతె ఉంది, ఆ రోజు మంచం మీంచి అంతా విన్నది.

నిన్న షాపులో పిట్ట సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు తంటాలు పడింది. నేను చూడనట్టే ఫారాలు మడుస్తున్నాను. చివరికి సూది బల్ల మీద పెట్టేసింది.

"ఈసారి ఏదైనా వస్తే, నీ ఎదుట పడిపోకుండా చూసుకుంటా వదినా" అంది.

కోపంగా అనలేదు. రేపు షాపుకి సెలవు అన్నంత మామూలుగా అంది. నీ మంచికే కదే చెప్పాను అందామనుకున్నాను, అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. పిట్ట సూదీ దారమూ నా వైపు జరిపింది. ఎక్కించి ఇచ్చాను.